జోగిని ఆచారం తప్పని చెప్పడానికి బయటివాళ్లం ఎవరం?

పాలమూరు_చదువరి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

నేను హైదరాబాద్‌లో సోషియాలజీ పీజీ చేస్తున్నాను. మాది నారాయణపేట వైపు. పోయిన నెల మా పెద్దమ్మ వాళ్ల ఊరికి ఎల్లమ్మ జాతరకి వెళ్లాను. గుడి ముందు ఒకామె ఆడుతోంది. యాభై దాటి ఉంటాయి. ముఖం నిండా పసుపు, చేతిలో వేపమండ, కాళ్లకి గజ్జెలు. ఒక గజ్జె పట్టీ తెగితే తెల్ల ప్లాస్టిక్ తాడుతో ముడేసి ఉంది. డప్పు ఆగినప్పుడల్లా వంగి ఆ ముడి సరిచేసుకుంటోంది. నాకంటే చిన్నవాడు ఒకడు ఆమెని ‘ఏయ్’ అని పిలిచి ఇంకా ఆడమన్నాడు. ఆమెకి వాడి తల్లి వయసు ఉంటుంది. ఎవరు ఈమె అని మా పెద్దమ్మని అడిగితే ‘జోగిని బిడ్డా, చిన్నప్పుడే ఎల్లమ్మకిచ్చిన్రు, గంతే’ అంది. జోగిని అంటే, పసితనంలోనే దేవతకి అంకితం చేస్తే, పెళ్లి లేకుండా ఊరి మగవాళ్లకి లోబడి బతకాల్సి వచ్చే ఆడమనిషి.

తర్వాతి వారం క్లాసులో సాంస్కృతిక సాపేక్షవాదం చెప్పారు. నాకు అర్థమైనంతలో, ఒక సమాజపు ఆచారాన్ని ఆ సమాజపు విలువలతోనే అర్థం చేసుకోవాలి, మన కొలతలు పెట్టి తీర్పు చెప్పకూడదు. రెండు రోజుల తర్వాత 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన. మనుషులంతా గౌరవంలో, హక్కుల్లో సమానంగా పుడతారనే మాటతో మొదలవుతుంది అది. రెండూ ఒకే వారంలో వినేసరికి అప్పటినుంచి నా కళ్లముందు ఆ ప్లాస్టిక్ తాడే తిరుగుతోంది. నాది ఆ ఊరు కాదు, ఆమె కులం కాదు, ఆ దేవతని ఆమె నమ్మినంతగా నమ్మను. ఇది తప్పు అని నేను అనొచ్చా? సెమినార్ పేపర్ దీనిమీదే రాయాలి. పేపర్ సంగతి అటుంచి, నాకే తెలుసుకోవాలని ఉంది.

నిర్వాహకులు

మంచి చర్చ. ఒక్క మనవి: ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, ఫొటోలు పెట్టకండి.

కృష్ణమ్మ_ఒడ్డు

చెల్లీ, జోగిని ఆచారాన్ని నేను సమర్థించను, ముందే చెప్తున్నా. నాకు ఇబ్బంది ‘విశ్వ’ అనే మాటతో. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఓటింగ్ జరిగేనాటికి ఐక్యరాజ్యసమితిలో ఉన్నవి 58 దేశాలు. 48 అనుకూలం, 8 తటస్థం, రెండు రాలేదు. ఆఫ్రికా దాదాపు అంతా అప్పటికి ఇంకా వలసపాలనలోనే ఉంది, వాళ్ల తరఫున చెయ్యెత్తింది వాళ్లని ఏలుతున్నవాళ్లే. బ్రిటన్, ఫ్రాన్స్ కోట్లమందిని గుప్పిట్లో పెట్టుకుని మనుషులంతా సమానం అని ఓటేశాయి. ఆ ప్రకటన తయారుచేసిన సంఘానికి అధ్యక్షురాలు అమెరికా మాజీ అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్. 1947లో నల్లజాతి మేధావి డుబోయిస్ పూనుకుని అమెరికా నల్లజాతివాళ్ల కష్టాలమీద ఐక్యరాజ్యసమితికి పెద్ద వినతిపత్రం ఇప్పిస్తే, ఆమె దానికి అండగా నిలబడలేదు, సంఘం దాన్ని విచారణకి తీసుకోలేదు.

‘మీ ఆచారాలు అనాగరికం, మేం బాగుచేస్తాం’ అన్న మాట మనం రెండువందల ఏళ్లు విన్నాం. అదే మాట ఇప్పుడు హక్కుల భాషలో వస్తే నాకు వెంటనే నమ్మాలనిపించదు. ఇంకోటి, మీరు చూసినామె దగ్గరికి ఇప్పటికే ఎంతమంది కెమెరాలు పట్టుకుని వచ్చి ఉంటారో. ఫొటో తీసుకున్నారు, వెళ్లారు. గజ్జెకి మాత్రం ఆ తాడే ఉంది.

లా_పాయింట్

కృష్ణమ్మ_ఒడ్డు గారు చెప్పిన లెక్కలు కరెక్టే. కానీ ఆ గదిలో తెల్లవాళ్లే కూర్చున్నారనే లెక్కన మాట్లాడితే కొందరికి అన్యాయం చేసినట్టు. ముసాయిదాలో ‘ఆల్ మెన్’ అని ఉన్నదాన్ని ‘ఆల్ హ్యూమన్ బీయింగ్స్’ అని మార్చాలని పట్టుబట్టింది మన హంసా మెహతా. గుజరాతీ, మన రాజ్యాంగసభలోనూ సభ్యురాలు. ‘మెన్’ అంటే ఆడవాళ్లూ వస్తారులే అని సర్దిచెప్పబోతే, చాలాదేశాల్లో రారు అని ఆమెకి తెలుసు. పెళ్లికి ఇద్దరి పూర్తి ఇష్టం ఉండాలనే 16వ అధికరణం కోసం గట్టిగా మాట్లాడినవాళ్లలో పాకిస్తాన్ నుంచి వచ్చిన బేగం షాయిస్తా ఇక్రాముల్లా ఒకరు. బాల్యవివాహం ఎలా ఉంటుందో ఆమెకి ఎవరో పారిస్‌లో చెప్పాల్సిన పని లేదు. తటస్థంగా ఉన్న సౌదీ అరేబియాకి అభ్యంతరం ఉన్న అధికరణాల్లో అదీ ఒకటి. చైనా నుంచి పి.సి.ఛాంగ్, లెబనాన్ నుంచి ఛార్లెస్ మాలిక్, చిలీ నుంచి శాంటా క్రూజ్ కూడా రాతలో కూర్చున్నారు.

ఇంకొక సంగతి, మన తెలుగువాళ్లకి దగ్గరిది. 1946లో దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద వివక్ష గురించి మనదేశం ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేసింది. నాటాల్ చెరకు తోటలకి మద్రాసు ఓడల్లో వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లు చాలామంది. అటువైపు వాదించింది దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్స్, ‘ఇది మా ఇంటి వ్యవహారం, బయటివాళ్లకి పనిలేదు’ అని. ఐక్యరాజ్యసమితి చార్టర్ పీఠికని మొదట రాసింది ఆయనే, అందులో మానవ హక్కుల మాటా ఉంది. విజయలక్ష్మీ పండిట్ బృందం మూడింట రెండొంతుల ఓట్లు తెచ్చుకుని నెగ్గింది. అంటే ‘బయటివాళ్లు మాట్లాడొచ్చు’ అని అందరికంటే ముందు గెలిపించుకున్నది మనం. ఇప్పుడు మన ఊరి సంగతి వచ్చేసరికి స్మట్స్ మాట మనం అనడం నాకు మింగుడుపడటం లేదు.

ధర్మపథం

ఏ సమాజమైనా లోపలినుంచే మారుతుంది. జోగినులు మా అమ్మమ్మ కాలంలో ఉన్నంతమంది ఇప్పుడు లేరు కదా. కాలం గడిస్తే అదే పోతుంది. బయటినుంచి చట్టాలు, ఎన్జీవోలు వచ్చి తొందరపెడితే ఊళ్లో వైరాలు పెరగడం తప్ప ఉపయోగం ఏమిటి? ఆ గుడి, ఆ జాతర వాళ్లకి ప్రాణం. దాన్ని తప్పు అంటే వాళ్లని అవమానించినట్టే కదా. నేను నిజంగానే అడుగుతున్నాను.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు

ధర్మపథం బాబూ, నిజంగా అడిగారు కాబట్టి నిజంగానే చెప్తాను. ముప్ఫై నాలుగేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, కన్యాశుల్కం దగ్గరికి వెళ్లకుండా ఉండలేను. నాటకం అందరూ చదువుతారు, 1897 తొలి ముద్రణకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట ఎవరూ చదవరు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా రాయించారు. మూడేళ్లలో లెక్కకి అందినవి 1,034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసిపిల్లలకి పలికిన వెల 350 నుంచి 400 రూపాయలు.

కాలం గడిస్తే పోతుంది అన్నారు. పోయింది, నిజమే. ఆ గడిచిన కాలంలో ఈ ముగ్గురు ఏమయ్యారో ఒక్కసారి ఆలోచించండి. పాఠం చెప్పేటప్పుడు ఈ అంకెలు బోర్డుమీద రాసేవాణ్ణి. చివరి అంకె దగ్గర క్లాసు నిశ్శబ్దమైపోయేది. ఒకసారి ముందుబెంచీ పిల్ల లేచి ‘సార్, ఏడాది పిల్లకి పెళ్లంటే ఎత్తుకుని కూర్చుంటారా?’ అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇక లోపలినుంచి, బయటినుంచి అనే మాట. వితంతు వివాహానికి చట్టం వచ్చింది 1856లో, తెచ్చింది కంపెనీ ప్రభుత్వం. రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేసింది 1881 డిసెంబర్ 11న. మధ్యలో పాతికేళ్లు ఆ చట్టం మనవైపు కాగితం మీదే ఉంది. లోపలి మనిషి పూనుకోకపోతే బయటి చట్టం కదల్లేదు. ఆ లోపలి మనిషిని మళ్లీ లోపలివాళ్లే వెలివేశారు, చట్టం లేకపోతే ఆ పెళ్లి చెల్లేదే కాదు. ఈ రెంటినీ విడదీసి ఏదో ఒకటి ఎంచుకోమంటే నాకు చేతకాదు.

బోస్టన్_గోదారి

నేను ఇక్కడ ఆంత్రొపాలజీలో (మానవశాస్త్రంలో) పీహెచ్‌డీ చేస్తున్నాను. సాపేక్షవాదం తరఫున రెండు మాటలు చెప్పాలి, లేకపోతే అది ఏదో తప్పించుకునే సిద్ధాంతంలా మిగిలిపోతుంది.

అది పుట్టింది జాతి అహంకారానికి ఎదురుగా. యూరప్‌వాళ్లు పైమెట్టు మీద, మిగతావాళ్లు కింద అని పుర్రెలు కొలిచి చెప్పే రోజుల్లో అమెరికాలో పనిచేసిన ఆంత్రొపాలజిస్టు బోయస్, ఆయన శిష్యులు ఆ నిచ్చెనే తప్పు అన్నారు. ఆ శిష్యుల్లో ఒకరు హెర్స్కోవిట్స్. 1947లో అమెరికన్ ఆంత్రొపాలజీ సంఘం తరఫున ఐక్యరాజ్యసమితికి ఒక ప్రకటన రాశారు: మీరు తయారుచేస్తున్నది పశ్చిమ యూరప్, అమెరికా విలువల జాబితాగా మిగలకుండా అందరికీ ఎలా వర్తిస్తుంది అని. వలసలు ఇంకా నడుస్తున్న ఏడాదిలో ఆ ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి. కానీ అదే ప్రకటనలో, పౌరులకి పాలనలో భాగం లేకుండా చేసే, బలహీనుల్ని జయించాలని చూసే రాజ్యాల దగ్గరికి వచ్చేసరికి వాళ్లు మెట్టు దిగి, ఆ ప్రజల అడుగున ఉన్న విలువలు సాయపడొచ్చు అని ఒక సందు వదిలారు. అన్నింటినీ వాటి విలువలతోనే చూడాలన్న మాట వాళ్ల దగ్గరే నిలవలేదు. 1999లో అదే సంఘం మానవ హక్కుల పక్షాన కొత్త ప్రకటన చేసింది.

ఇప్పుడు మాలో చాలామందిమి దాన్ని పద్ధతిగానే వాడతాం. ఒక ఆచారం ఎందుకు ఉందో, లోపలివాళ్లకి దాని అర్థం ఏమిటో తెలిసేదాకా నోరు మూసుకుని వినడం. తెలిసిన తర్వాత కూడా మూసుకోమని కాదు. మన నేలమీదే ఉదాహరణ ఉంది, ఆస్ట్రియాలో పుట్టిన ఆంత్రొపాలజిస్టు హైమన్‌డార్ఫ్. జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయిన తర్వాత 1940లలో నిజాం ప్రభుత్వం ఆయన్ని గోండుల మధ్యకి పంపింది. మార్లవాయిలో వాళ్లతో ఉండి, వాళ్ల పండగలు, కథలు రాసుకున్నారు. గోండీలో చదువు చెప్పే బడులు పెట్టించారు, భూములకి పట్టాలు ఇప్పించారు. ఆచారాన్ని గౌరవించడం, హక్కు ఇప్పించడం ఆ మనిషి దగ్గర ఒకే పనిగా నడిచాయి.

జోగిని విషయంలోనూ మొదట వినాలి. అనంతపురం, బళ్లారి వైపు బసివి అంటారు, చిత్తూరు వైపు మాతమ్మ అంటారు, ఒక్కోచోట ఒక్కో తీరు. బసివిగా వదిలిన కూతురికి కొడుకులా ఆస్తిలో వాటా, తల్లిదండ్రులకి కర్మ చేసే హక్కు ఉండేవి. కొడుకులు లేని ఇళ్లు కూతుర్ని ఎందుకు వదిలాయో అది తెలియకుండా అర్థం కాదు.

అమ్మ_ఇంటిపేరు

మూడు రోజుల నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అని చాలాసేపు అనుకుని రాస్తున్నాను.

మా అమ్మ జోగిని.

ఊరు చెప్పను. అమ్మకి పదకొండేళ్లప్పుడు వాళ్ల తమ్ముడికి జ్వరం తగ్గలేదు. అదే సమయంలో అమ్మ జుట్టు జడలు కట్టింది. పేదింట్లో నూనె లేక, తలస్నానం లేక జుట్టు అలా అవుతుందని ఇప్పుడు మనకి తెలుసు. ఎల్లమ్మ పిలుస్తోందని ఒకామె చెప్పింది. పసుపు బట్టలు కట్టి, మెడలో పుస్తె కట్టి, పట్టం కట్టారు. ఆ రోజు గురించి అమ్మకి గుర్తున్నది ఒక్కటే, మటన్‌లో మొదటి ముక్క తనకి వేశారట. ఇంట్లో ఎప్పుడూ తమ్ముడికే వేసేవాళ్లు. మామయ్య జ్వరం తగ్గింది. అమ్మ పెద్దమనిషి అయ్యింది. తర్వాత సంగతి మీకు తెలుసు.

బసివికి ఆస్తి హక్కు ఉండేదని రాశారు. మా అమ్మకి రాలేదు. ఆస్తే లేదు. వచ్చింది ఏమిటంటే, ఊళ్లో ఎవరు చచ్చినా శవం ముందు ఆడే పని.

బడిలో తండ్రి పేరు గడిలో మామయ్య పేరు రాశారు. మా నాన్న ఎవరో ఊరందరికీ తెలుసు. ఆయన కొడుకు నా క్లాసే. హాజరు పిలిచినప్పుడు వాడి ఇంటిపేరు రాగానే నేను పుస్తకంలోకి చూసేదాన్ని. వాడూ నావైపు చూసేవాడు కాదు. ఐదేళ్లు ఒకే గదిలో అలా కూర్చున్నాం.

ఇది మన సంస్కృతి అని మా ఊళ్లో అనేది అమ్మ ఆడితే చూసేవాళ్లు. వాళ్ల ఇళ్లల్లో జ్వరాలు రాలేదా? పిల్లల జుట్టు జడలు కట్టలేదా? పటేల్ ఇంటి పిల్లని ఎల్లమ్మ ఎప్పుడూ ఎందుకు పిలవలేదు? పిలిచింది మా వాడలోనే.

అలాగని అమ్మకి ఎల్లమ్మ మీద భక్తి పోలేదు. ఇప్పటికీ మంగళవారం దీపం పెడుతుంది. ధర్మపథం గారూ, దేవతని ఎవరన్నా ఒక మాట అంటే అందరికంటే ముందు కొట్లాడేది మా అమ్మే. దేవతకి నేను బిడ్డనే, ఊరోళ్లకి కాదు అంటుంది.

నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు ఒక మహిళా సంఘం వాళ్లు వచ్చారు. జడలు తీయిస్తామన్నారు. అమ్మ రెండు నెలలు ఒప్పుకోలేదు. ఒప్పుకున్న రోజు ముగ్గురు కూర్చుని కొబ్బరినూనె పోసి, నానబెట్టి, దువ్వి, రాకపోతే కత్తిరించారు. మధ్యాహ్నం అంతా పట్టింది. అమ్మ ఆ జడని పారేయనివ్వలేదు, ఎర్రగుడ్డలో మూటకట్టి దూలానికి వేలాడదీసింది. తర్వాత వారం రోజులు పొద్దున్నే నన్ను ఎస్టీడీ బూత్‌కి పంపేది, మామయ్యకి జ్వరం వచ్చిందేమో కనుక్కోమని. రాలేదు. ఎనిమిదో రోజు పంపలేదు.

‘వద్దు అనొచ్చు’ అని మా అమ్మకి మొట్టమొదట చెప్పింది ఆ బయటినుంచి వచ్చినామె. లోపలివాళ్లు నలభై ఏళ్లు చెప్పలేదు. పాలమూరు_చదువరి, మీరు అనొచ్చా అని అడిగారు. మా అమ్మని అడగకుండా పట్టం కట్టినవాళ్లకి లేని మొహమాటం మీకెందుకు?

ధర్మపథం

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. కాలం గడిస్తే పోతుంది అని నేను రాసింది ఎంత సులువుగా రాశానో ఇప్పుడు తెలుస్తోంది. తప్పుగా అనుకోకండి.

కృష్ణమ్మ_ఒడ్డు

చెల్లెలు రాసినదానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. శవం ముందు ఆడించడాన్ని సంస్కృతి అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఒక్క విషయం మాత్రం వదలలేను. బయటివాళ్లు బాగుచేయడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతారు? మద్రాసులో దేవదాసీ నిషేధం కోసం పోరాడింది ముత్తులక్ష్మీ రెడ్డి, ఆవిడ తల్లి ఆ కుటుంబాల నుంచి వచ్చినావిడే. మన ఆంధ్రలో ఆటపాటలే వృత్తిగా ఉన్న కలావంతుల్లోంచే యామినీ పూర్ణతిలకం నిషేధం వైపు నిలబడింది. సరే, లోపలి గొంతులే. కానీ బెంగళూరు నాగరత్నమ్మ కూడా లోపలి గొంతే. దేవదాసీలందరినీ ఒకే గాటన కట్టొద్దు, మా విద్య, మా ఆస్తి, మా పరువు ఏమైపోతాయి అని సంఘం కట్టి ప్రభుత్వానికి విన్నపం పెట్టింది. ఆవిడ మాట ఎవరు విన్నారు? ముద్దుపళని కావ్యాన్ని ఆవిడ 1910లో అచ్చువేయిస్తే అశ్లీలం అని దొరతనం నిషేధించింది. ఒక ఆడమనిషి రాసి, ఇంకొక ఆడమనిషి కాపాడిన పుస్తకం. అప్పుడూ కొలబద్ద వాళ్లదే.

తూర్పు_గాలి

కృష్ణమ్మ_ఒడ్డు గారు ఎత్తారు కాబట్టి రాస్తున్నాను. మాది తూర్పుగోదావరి, మా అమ్మమ్మ అమ్మ కలావంతుల ఇంటి మనిషి. మేజువాణీలకి పెద్ద పేరు అట. చట్టం వచ్చాక పాట ఆగిపోయింది. ఆ తర్వాత ఆవిడ కూతుళ్లని ఎవరు చేసుకున్నారు? సంస్కరణ సభల్లో ఉపన్యాసాలు ఇచ్చినవాళ్ల ఇళ్లనుంచి ఒక్క సంబంధం రాలేదని మా అమ్మమ్మ చెప్పేది. ఊరు మారారు, పాట పాడటం ఇంట్లో కూడా మానేశారు, పక్కింటివాళ్లకి తెలుస్తుందని. అవే పదాలు, అవే జావళీలు తర్వాత మద్రాసు సభల్లో పెద్దింటి పిల్లలు పాడితే చప్పట్లు కొట్టారు. అమ్మమ్మ రేడియోలో జావళి వస్తే కట్టేసేది కాదు, వంటింట్లోకి వెళ్లి నిలబడేది. వచ్చినవాళ్లకి తెలియకుండా వింటుందని నాకు చాలా ఏళ్లకి అర్థమైంది.

పసిపిల్లల్ని గుడికి ఇచ్చే ఆచారం పోవాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ అది పోగొట్టేటప్పుడు ఆ ఆడవాళ్లు ఏం తిని బతకాలి, ఏ పరువుతో బతకాలి అని వాళ్లనే కూర్చోబెట్టి అడగాల్సింది. అడగలేదు.

లా_పాయింట్

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. మద్రాసు చట్టం 1947లో వచ్చింది కాబట్టి కోస్తా, సీమ దాని కిందికి వచ్చాయి. తెలంగాణ అప్పుడు నిజాం సంస్థానం, దాని పరిధి కాదు. కర్ణాటకలో 1982లో, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో కొత్త చట్టాలు వచ్చాయి. 1980లలో నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య పనిచేసిన హేమలతా లవణం, జాషువా గారి కూతురు, ఇలాంటి చట్టం కోసం చాలా తిరిగారు. అమ్మ_ఇంటిపేరు గారి అమ్మకి పట్టం కట్టిన రోజుల్లో ఆ ఊళ్లో దాన్ని ఆపే చట్టం ఉందో లేదో కూడా అనుమానమే.

ఇప్పుడు అసలు ఇబ్బంది. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని భారతదేశం 1993 జులైలో ఆమోదించింది. ఆమోదిస్తూ ఒక మెలిక పెట్టింది: ఆచారాల్లో వివక్ష తొలగించే 5(ఎ), పెళ్లిలో సమానత్వం చెప్పే 16(1) అమలు చేస్తాం, కానీ ఏ సమూహం సొంత వ్యవహారాల్లోనూ ఆ సమూహం చొరవ, సమ్మతి లేకుండా జోక్యం చేసుకోం అని. సమూహం సమ్మతి అంటే ఎవరి సంతకం? పటేల్‌దా, కులపెద్దదా, పూజారిదా? పదకొండేళ్ల పిల్లది మాత్రం కాదు. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు మహారాష్ట్రలోని మహాడ్ చెరువు గుర్తొస్తుంది. 1927లో అంబేద్కర్ ఆ చెరువు నీళ్లు తాగినందుకు అగ్రకులాలు కోర్టుకి వెళ్లాయి. అంటరానివాళ్లు ఆ నీళ్లు ముట్టకపోవడం అనాదిగా వస్తున్న ఆచారం, అదే వాళ్ల వాదన. పదేళ్లు నడిచి, 1937లో బొంబాయి హైకోర్టు ఆ ఆచారం రుజువు కాలేదని కొట్టేసింది. రుజువై ఉంటే? నీళ్లు ముట్టనివ్వకపోవడం సబబు అయ్యేదా? రాజ్యాంగంలో 17వ అధికరణం వచ్చాక ఆ ప్రశ్న అడగాల్సిన పని తప్పింది. ఎంత పాత ఆచారం అయినా సరే, అంటరానితనం చెల్లదు.

ఉట్నూరు_రేలా

నేను గోండు. హైమన్‌డార్ఫ్ పేరు చూసి వచ్చాను. మార్లవాయిలో ఆయన్నీ, ఆయన భార్యనీ మావాళ్లు ఇప్పటికీ సొంత మనుషుల్లా తలుచుకుంటారు.

సంస్కృతి అనే మాట మీకు చర్చ, మాకు కవచం. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం లేకపోతే మా భూమి ఎప్పుడో పోయేది. 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు గిరిజన ప్రాంతాల భూముల్ని ప్రైవేటు గనులకి ఇవ్వొద్దంది. 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు కొండ మా దేవుడు అని చెప్పి గని వద్దన్నాయి. అక్కడ ఆచారం అన్నది బలమైనవాడి ముందు బలహీనుడు అన్న మాట. అందుకే ఆచారం అనగానే అనుమానంగా చూడటం మొదలుపెడితే ముందు నష్టపోయేది మేమే. ఇది మర్చిపోకండి.

ఇంకోవైపు కూడా చెప్తా, లేకపోతే నిజం సగమే చెప్పినట్టు. చేతబడి అని అనుమానించి మా వైపు ముసలివాళ్లని కొట్టిన సంఘటనలు నాకు తెలుసు. మా దూరపు బంధువు ఒకామె ఊరు వదిలి కూతురి దగ్గర తలదాచుకుంది. కొట్టినవాళ్లూ మా నమ్మకం అనే అన్నారు. నియమగిరిలో మాట్లాడినవాళ్లూ మా నమ్మకం అన్నారు. నమ్మకం ఒకేలా ఉండొచ్చు. అక్కడ గ్రామసభలో ముసలామె లేచి మైకు పట్టుకుంది. ఇక్కడ ముసలామెని మాట్లాడనివ్వలేదు. నేను చూసేది అది.

బోస్టన్_గోదారి

ఉట్నూరు_రేలా అన్నా, మైకు ఎవరి చేతిలో ఉంది అన్నది నా థీసిస్‌లో రాసుకుంటాను, మీరు ఒప్పుకుంటే. అమ్మ_ఇంటిపేరు గారూ, బసివి గురించి నేను పుస్తకంలో చదివింది రాశాను, మీరు ఇంట్లో చూసింది రాశారు. నా పోస్టు మార్చను, దాని కింద మీది ఉండాలి.

పాలమూరు_చదువరి

అందరికీ థాంక్స్. నిన్న ఆదివారం మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఈసారి అడగడానికి.

ఆమె ఇంటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నేను కూడా కూర్చుని తీశాను. గంటసేపు ఏమీ అడగలేదు. ఆమే మొదలుపెట్టింది, ‘జాతరల చూసినవు కదా, నీ మొఖం యాదికుంది. ఏం రాస్తవు పేపర్ల?’ అని. నిజం చెప్పాను. మీ గురించి ఇది తప్పు అనొచ్చా అని నాకు తెలియడం లేదు, అందుకే వచ్చాను అన్నాను.

‘తప్పని నేనెన్నడో అన్న. పోయిన సాల్ చావుకి ఆడనన్న. ఇగ మాట్లాడుడు బంద్ జేసిన్రు. కిరాణా కొట్టుల ఉద్దెర ఇస్తలేరు.’

జాతరలో మరి ఎందుకు ఆడారని అడిగాను. ‘అది తల్లికి. చావుకాడ ఆడుడు తల్లికి కాదు’ అంది.

నా పేపర్లో ఆచారం అని ఒకటే మాట రాసుకున్నాను, ఆమె దగ్గర అది రెండు. ఒకటి ఉంచుకుంది, ఒకటి వదిలేసింది. వదిలేసినందుకు జరిమానా కడుతోంది.

మీకు ఏం కావాలి అని అడిగితే వరసగా చెప్పింది. ఇంటి జాగాకి పట్టా కావాలి, ఇప్పుడు ఉన్న గుడిసె ఊరివాళ్ల దయమీద ఉంది. మనవరాలు వచ్చే ఏడు ఆరుకి వెళ్లాలి, హాస్టల్ సీటు కావాలి, ఫారంలో తండ్రి పేరు అడిగితే ఏం రాయాలో తెలియడం లేదు. నా పేరు పేపర్ల రాయకు అంది. గజ్జె గురించి నేనే అడిగాను. నవ్వి, ‘కొత్తది అంగట్ల దొరుకుతది బిడ్డా, అది ముచ్చటే కాదు’ అంది.

లా_పాయింట్ గారూ, ఫారం సంగతి చెప్పగలరా?

లా_పాయింట్

తల్లి పేరుతో నింపి ఇవ్వండి, తీసుకోం అని వాళ్లంటే ఎందుకు తీసుకోరో రాసి ఇమ్మని అడగండి. రాసిస్తే నాకు పంపండి, ఫీజు అవసరం లేదు. ఉద్దెర ఆపడం, మాట్లాడకపోవడం కులం మీద సాంఘిక బహిష్కారం కిందికి వచ్చే అవకాశం ఉంది, అది ఎస్సీ ఎస్టీ అత్యాచారాల చట్టంలో నేరం. ఆమె ఇష్టపడితేనే ఆ దారి. ముందు పట్టా అర్జీ రాద్దాం.

అమ్మ_ఇంటిపేరు

అర్జీ నేను రాయిస్తాను, మా అమ్మకి రాయించిన అనుభవం ఉంది. పాలమూరు_చదువరి, వచ్చే ఆదివారం మీరు వెళ్తే నేనూ వస్తాను. అమ్మ కూడా వస్తానంటోంది. ఆమెతో ఒక్కతే కూర్చుని మాట్లాడాలట. నారాయణపేట బస్టాండ్‌లో తొమ్మిదికి ఉంటాం. హాస్టల్ ఫారం రెండు కాపీలు తెస్తున్నాను, ఒకటి తప్పుపోతే ఇంకొకటి ఉంటుంది.